బెరడు రంగు పురుగు

సరుగుడు చెట్టుకు పురుగు పట్టిందో లేదో దూరం నుంచి చూసి చెప్పేవాళ్ళ మాట నేను నమ్మను. బెరడు ఏ రంగో ఆ పురుగూ అదే రంగు. అది కట్టుకునే గూడూ అదే రంగు. రెక్కలొచ్చి బయటికి వచ్చి చెట్టుకు కరుచుకుని కూర్చున్నదంటే, దాని పక్కనే చెయ్యి ఆనించి గంటసేపు మాట్లాడుకున్నా కనపడదు. మేము రెండేళ్ళు ఆ పురుగు భయంతో బతికాం. భయం పురుగు ఒక్కదానిదే అయితే ఇంత రాసేదాన్ని కాదు.

మాది ఉదయగిరి కొండ కింద మెట్ట. స్వరాజ్యం వచ్చిన తర్వాత రెండేళ్ళు వరసగా వాన మొహం చాటేసింది. సజ్జ మొలిచి మాడిపోయింది. రెండో ఏడు మొలవనే లేదు. నేను మూడో తరగతి సగంలో ఉన్నాను. పలకను మేనత్త కూతురికి ఇచ్చి, బలపం ముక్కలు మాత్రం పావడా చెంగున కట్టుకుని బండెక్కాను. పలక బరువు, బలపాలు బరువు కావు. కలిగిరి మీదుగా రెండు రోజులు నడిచింది బండి.

ఆత్మకూరు బజారులో బియ్యం, పప్పులు టోకున అమ్మే సెట్టిగారు ఒకాయన ఉండేవాడు. ఆయనకు పెన్న ఒడ్డు ఇసుక నేలలో సరుగుడు తోపు ఉంది. పందిళ్ళకూ, ఇళ్ళు కట్టేచోట నిలబెట్టే కట్టెలకూ ఆ చెట్లు పోతాయి. ఇంకా మూడేళ్ళు పెరిగితే కొట్టుడుకు వస్తాయని, అందాకా కాపలా కావాలని నాయనను పెట్టుకున్నాడు. తోపు మొదట్లో తాటాకు గుడిసె. కాపలా ఉన్నంత కాలం గుడిసె మాది. కాపలా పోతే గుడిసె పోయినట్టే. వెనక్కి పోదామంటే ఊళ్ళో ఇల్లు లేదు. దూలాలు కూడా ఊడదీసి అమ్ముకుని వచ్చినవాళ్ళం.

నాయన కళ్ళు మసకబారుతున్నాయని ముందు కనిపెట్టింది నేను. మేము వచ్చిన ఏడే, ఒకరోజు పొద్దున గుంజ మీద ఆరేసిన గోనెసంచిని చూసి ఆయన నిలబడిపోయాడు.

“ఎవురయ్యా ఆడ? పలకవేంది?”

నేను పరుగెత్తి గుంజ వెనక నిలబడి, “నేనే నాయనా, సంచి తీస్తా ఉండా” అన్నాను.

“నువ్వా? మగమనిషి మాదిరి కనపడినావే.”

అబద్ధం ఆడడం ఆ పొద్దు మొదలుపెట్టాను. అమ్మకు చెబితే అమ్మ ఒప్పుకోలేదు. “కంట్లో నలక పడుంటాది. పొన్నగంటాకు తింటే సరిపోతాది” అంది. ఆ వారం నుంచి కాలవ గట్ల మీద పొన్నగంటాకు అన్నదల్లా మా కుండలోనే ఉడికింది. నాయన వద్దనకుండా తిన్నాడు. తింటూ కంచంలో మెతుకుల కోసం వేళ్ళతో తడుముకోవడం నేను చూశాను. అమ్మా చూసింది. చూసి, పొయ్యి వైపు తిరిగి కూర్చుంది.

ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట పైకి అనలేదు. కాపలావాడికి కళ్ళు లేవని సెట్టిగారికి తెలిసిన రోజు మేము రోడ్డు మీద ఉంటాం.

అందుకని ఆయనకు నేను కళ్ళయ్యాను. గుడిసెలో వస్తువు ఉన్నచోటు నుంచి కదపనిచ్చేదాన్ని కాదు. తోపులోకి ఎవరు వచ్చినా ముందు నేనే ఎదురుపోయి గట్టిగా పలకరించేదాన్ని, నాయనకు వినపడేలా. సెట్టిగారి ఒంటెద్దు బండి చప్పుడు ఫర్లాంగు దూరంలో ఉండగానే పట్టేసేదాన్ని. ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి ఒగ్గి, లేని రోజున కూడా వినపడేది.

అంతలో చెట్లకు గీతలు కనపడ్డాయి. వానలు వెనకబట్టిన తర్వాత, కొమ్మ చీలే చోట మొదలై బెరడు వెంబడి వంకరటింకరగా దిగిన మట్టిరంగు గీతలు. నేనే చూసి నాయనకు చెప్పాను. ఆయన అడిగాడు, “ఎట్లుండాది? మన్ను పూసినట్టుండాదా?” ఉంది అన్నాను. “చెద” అన్నాడు.

మెట్టవాళ్ళకు చెద తప్ప ఇంకో బుద్ధి పుట్టదు. మా ఊళ్ళో వేపకైనా తుమ్మకైనా మొదలు మీద మన్నుగీత ఉందంటే అది చెదే. చెద నేల నుంచి ఎక్కుతుంది, కాబట్టి మందు మొదట్లో పోయాలి. అమ్మ వేపగింజలు దంచింది, నేను బూడిద కలిపాను, నాయన చెట్టు చెట్టుకూ మొదలు తడుముకుంటూ పోశాడు. చలికాలమంతా పోశాం. వేపగింజల కోసం నేను ఊరంతా తిరిగాను. పెన్న ఇసుకలో పుట్ట ఒక్కటి లేదు, మరి చెద ఎక్కడి నుంచి ఎక్కుతుందని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. గీతలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

వైశాఖంలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. అది తగ్గాక పోయి చూస్తే నడిమి వరసలో ఒక చెట్టు చీలిక దగ్గర విరిగి పడి ఉంది. విరిగినచోట వడ్రంగి బరమాతో దించినట్టు గుండ్రటి బొక్క. నాయన అందులో వేలు పెట్టి అంచు చుట్టూ తిప్పి చూశాడు.

“చెదకు ఇంత గుండ్రంగా తొలిచే తెలివి యాడిది?” అన్నాడు చివరికి.

“సెట్టితో చెప్పయ్యా” అంది అమ్మ.

“చెప్తే? ఇన్నాళ్ళు నీకు కనపళ్ళేదా అంటాడు. ఏం చెప్పేది?”

చెప్పలేదు. ఆ చెట్టును నరికి గుడిసె వెనక పెట్టాం. మోడును మొదటికంటా కోసి, దాని మీద రాలిన సరుగుడు సన్నాకు పరిచాను. సెట్టిగారి బండి వచ్చినప్పుడల్లా పోయి ఆ మోడు మీదే కూర్చునేదాన్ని. “ఈ పిల్లకి ఎప్పుడూ కూర్చునే పనేనా?” అని ఆయన ఒకసారి అన్నాడు కూడా. అననీ అనుకున్నాను.

తోపులో రాలిన సన్నాకు పొయ్యిలోకి బాగా అంటుకుంటుంది. దాన్ని ఊడ్చుకుపోవడానికి ఊళ్ళో నుంచి ఒక ముసలమ్మ వచ్చేది. చెట్టు విరిగిన నాలుగో రోజు ఆమె నా పక్కన గంప దించింది.

“ఏందే పిల్లా, చెట్టు మొదట్లో కషాయం పోస్తా ఉండావు? చెట్టుకు జెరమొచ్చిందా?”

“చెద పట్టిందవ్వా.”

“చెదా! మీ ఉదయగిరోళ్ళకి గీత కనపడితే చెదే. గీకి చూసినావా ఎప్పుడన్నా?”

లేదు. మొదట్లోనే మందు పోశాం గానీ గీతను గీకలేదు. ఆమె గోటితో గీకింది. మన్ను కాదది. బెరడు కొరికిన పొడిని సన్నటి దారాలతో అతికించిన కప్పు. వేలికి అంటుకుని సాగింది. కప్పు కింద దారి, దారి చివర బొక్క.

“పురుగు ఈ బొక్కలో పడుకుంటాది. పొద్దుగూకితే ఈ కప్పు చాటునే నడిచొచ్చి బెరడు తిని, మళ్ళీ లోపలికి పోతాది. ఎవురికీ మొహం చూపించదు, కొత్తకోడలు మాదిరి. నాలుగు రోజులు పోనీ, అత్తను కూడా తింటాది.”

తర్వాత నా మెడ పట్టుకుని చెట్టు దగ్గరికి వంచింది. “ఈడ ఏముండాదో చెప్పు.”

“ఏముండాది? బెరడు.”

ఆమె ఉఫ్ మని ఊదింది. బెరడు ముక్క ఒకటి లేచి, బూడిదరంగు రెక్కలు రెండు చూపించి, పక్క చెట్టు మీద వాలి మళ్ళీ బెరడైపోయింది. నేను కళ్ళప్పగించి చూస్తూనే ఉన్నాను. ఎక్కడ వాలిందో తెలిసినా కనపడలేదు.

“అదే తల్లి. దీపం చుట్టూ తిరిగే పురుగుల జాతే. ఇప్పుడు గుడ్లు పెడతా ఉండాది. సైకిల్ చక్రం పుల్ల తెచ్చుకో. కప్పు గీకి, బొక్కలో పుల్ల దూర్చి కెలుకు. దూదికి కిరసనాయిలు అద్ది లోపల పెట్టి మన్నుతో మూసెయ్. మొదట్లో పోసే కషాయం మీ అమ్మకు తాపిచ్చు, పైత్యం తగ్గుతాది.”

ఆమె గంప ఎత్తుకుంటూ ఇంకో మాట అంది. “మీ నాయనకు చెప్పి లాభం లేదులే. నిన్న పచ్చికొమ్మ నెత్తిన పెట్టుకొని ఆయన ముందరే పోయినాను. ‘ఎండుపుల్లలేనా అవ్వా?’ అన్నాడు. ఎండువే నాయనా అన్నాను!” అని పడీపడీ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. “అవ్వా, ఎవురితోనూ అనబాకవ్వా.”

“నాకేం పనే!”

ఆమెకు చెడ్డబుద్ధి లేదు. నోటికి మూత లేదు, అంతే. మరునాటి నుంచి ఆమె వచ్చేసరికే సన్నాకు ఊడ్చి కుప్పపోసి, గంప నేనే నింపి పెట్టేదాన్ని. ఆ మూత కోసం నేను చేయగలిగింది అదొక్కటే.

అవి కంట్రోలు రోజులు. కిరసనాయిలు కార్డు మీద ఎంతిస్తే అంత. అమ్మ సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, చీకటి పడకముందే అన్నాలు తినేయండి అంది. దీపం మానేశాం. చెట్టుకు గోరంత దూది, దూదికి రెండు బొట్లు. ఒక్క బొట్టు ఎక్కువైతే అమ్మ నా చెయ్యి పట్టుకునేది.

మొదట నేను చూపిస్తే నాయన పుల్ల దూర్చేవాడు. పదిరోజులకు తేడా వచ్చింది. నేను వెతుకుతూ ఉండగానే ఆయన వేళ్ళు బొక్క దగ్గరికి పోయేవి. బెరడు గరుకుగా ఉంటుంది, గూడు మెత్తగా ఉంటుందని ఆయన అన్నాడు. కొత్త గూడైతే పొద్దున పూట కొంచెం తేమ కూడా తగులుతుందట. నాకు కనపడని గూళ్ళు ఆయనకు దొరికేవి. అయినా నాకు ధైర్యం రాలేదు. సెట్టిగారు వేళ్ళకు జీతమివ్వడు, కళ్ళకిస్తాడు.

పురుగు సంగతి ఆయనకు తెలిసి, ఏ చెట్టుకు పట్టిందో చూపించమంటే ఎట్లా అని దగ్గు ఏర్పాటు చేశాను. ఆయన ఎదుట నాయన నడుస్తుంటే నేను వెనకే ఉంటాను. పురుగు పట్టిన చెట్టు వస్తే ఒకసారి దగ్గుతాను. గూడు పైన చీలిక దగ్గరుంటే రెండుసార్లు. నాయనకు ఇది నచ్చలేదు. “నాతో దొంగాట ఆడిస్తా ఉండావే” అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు.

జ్యేష్ఠం వచ్చింది. ఒకరోజు బండి చప్పుడు లేదు. నేను సన్నాకు కుప్ప నుంచి తలెత్తేసరికి సెట్టిగారు గొడుగు వేసుకుని నడిచి వచ్చి నాయన ముందు నిలబడి ఉన్నాడు.

“ఏరా, కళ్ళెట్లుండాయి?”

“బాగుండాయయ్యా.”

“మా కొట్టుకాడ ముసల్ది ఇంకో మాట చెప్పి నవ్వుతా ఉండాది. పచ్చికొమ్మకీ ఎండుపుల్లకీ తేడా తెలీదంట నీకు.”

ఆ ముసలమ్మ గంప ఇరవై రోజులు నింపాను.

“సరే, మాటలెందుకు. తోపుకు పురుగు పట్టిందని గూడా అదే చెప్పింది. ఈ వరసలో పురుగుండే చెట్టు చూపించు, చూస్తా.”

నాయన కదిలాడు. మూడో చెట్టు దగ్గర నేను దగ్గాను. నాయన ఆగి, “ఇదయ్యా” అన్నాడు. ఏడో చెట్టు దగ్గర రెండుసార్లు దగ్గాను. “ఇది, పైన” అన్నాడు. సెట్టిగారు చెట్టును చూడలేదు, వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

“పిల్లకి దగ్గా?”

“ఇసుక గాలి పడలేదయ్యా” అన్నాడు నాయన.

“అట్టయితే ఈడెందుకు? పాపా, పోయి మీ అమ్మకాడ కూర్చో. నేను పిలిచిందాక రాబాక.”

పోక తప్పలేదు. గుడిసెలో అమ్మ పొన్నగంటాకు ఒలుస్తూ ఉంది. “ఏందే?” అంది. చెప్పాను. అమ్మ మళ్ళీ ఆకు ఒలవసాగింది. కాసేపటికి చూస్తే ఆకులన్నీ చెత్తలో ఉన్నాయి, కాడలన్నీ చట్టిలో ఉన్నాయి.

నేను దడి సందులో కన్ను పెట్టాను. నాయన ఒక చెట్టు ముందు నిలబడి ఉన్నాడు. ఆయన చెట్టును చూడడం లేదు. మొహం పక్కకు తిప్పి, దూరంగా ఏదో వింటున్నవాడిలా ఉన్నాడు. చెయ్యి ఒక్కటే బెరడు మీద పైకి పోతూ ఉంది. నాయనా, చెట్టు వైపు చూడు, చూస్తున్నట్టన్నా ఉండు, అని నేను లోపల లోపలే మొత్తుకున్నాను.

“మూడుండాయయ్యా” అన్నాడు నాయన.

“రెండే గదరా.”

“మూడయ్యా.”

“నా కళ్ళతో నేను చూస్తా ఉండానురా. రెండు!”

“మూడోది తమరి చెయ్యి పక్కన.”

సెట్టిగారు గొడుగు ముడిచాడు. ముక్కు బెరడుకు తగిలేంత దగ్గరికి పోయి చూశాడు. “యాడ?” నాయన కప్పు గీకి, పుల్ల దూర్చి, మెలిపెట్టి లాగాడు. నల్లటి తల ఉన్న పురుగు పుల్ల చివర వచ్చింది. అదే క్షణాన సెట్టిగారి బొటనవేలి కింది నుంచి బెరడు ముక్క ఒకటి ఎగిరి ఆయన చొక్కా మీద వాలింది. “అమ్మో!” అని ఆయన ఎగిరి గంతేశాడు.

“ఏందయ్యా?”

“ఏందో ఎగిరింది!”

“తల్లిపురుగై ఉంటాది. అది నా చేతికీ దొరకదయ్యా” అన్నాడు నాయన.

సెట్టిగారు చొక్కా దులుపుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “కళ్ళు లేవుగదరా నీకు.”

దడి ఇవతల అమ్మ చెయ్యి ఆగింది.

“మసకయ్యా. వెలుతురు తెలుస్తాది. మనిషి తెలుస్తాడు. ఎవురో తెలీదు.”

“మరి దొంగొస్తే? చేత్తో తడిమి పట్టుకుంటావా?”

ఆయన పిలవకుండానే నేను బయటికి ఉరికాను. “నాకు కనపడతారయ్యా. నేను చూస్తా.”

“చూసి ఏం చేస్తావు? నువ్వు పట్టుకుంటావా?”

“పట్టుకోను. అరుస్తా.”

“అరుస్తావా, దగ్గుతావా?” అన్నాడు.

ఆ మాటకు నా తల వంగిపోయింది. ఇప్పటికీ గుర్తొస్తే వంగుతుంది. ఆయన నవ్వలేదు. వరస చివరిదాకా ఒక్కడే నడిచిపోయి, ఒక్కో చెట్టుకు చెయ్యి ఆనించి చూసుకుంటూ తిరిగి వచ్చాడు. ఆయనకు ఏమీ తగల్లేదని మొహమే చెప్పింది. ఆ నడకలో ఆయన ఏం లెక్క వేసుకున్నాడో నేను పెద్దయ్యాక ఊహించాను. కళ్ళున్నవాణ్ణి పెడితే దొంగలు కనపడతారు. దొంగలు ఏడాదికి నాలుగు కొమ్మలు ఎత్తుకుపోతారు. మూడో గూడు కనపడకపోతే తోపే పోతుంది.

“కొట్టేదాకా ఉండండి” అన్నాడు. “పిల్ల తోపు దాటి బయటికి పోగూడదు, కన్ను ఆ పిల్లదే గదా. గాలికి ఒక్క చెట్టు ఇరిగిందా, ఆరోజే గుడిసె ఖాళీ. నీ చేతులు చూసి ఉంచుతా ఉండానురా. అవి గూడా పోతే నాకు చెప్పే పని లేదు, మూట కట్టుకో.”

అప్పటికే ఒక చెట్టు విరిగిందని మేము చెప్పలేదు. నేను ఆ మోడు మీదికి పోయి నిలబడ్డాను. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన పోయాక అమ్మ నాయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఇసుకకు పగుళ్ళు, పుల్ల మెలిపెట్టిన చోట కాయలు. గొడ్డలి పట్టి పట్టి అరిచెయ్యి చెక్కలా ఉంది. ఇన్నాళ్ళు కళ్ళ గురించి భయపడ్డాం. ఆ సాయంత్రం నుంచి చేతుల గురించి భయం మొదలైంది.

ఆయనను గొడ్డలి ముట్టనివ్వలేదు. బావిలో నీళ్ళు చేదనివ్వలేదు. కట్టె కొట్టడం నేను నేర్చుకున్నాను, నీళ్ళు అమ్మ మోసింది. పుల్ల పట్టేచోట పాతగుడ్డ చుట్టాను. మా తలలకు లేని ఆముదం రోజూ ఆయన వేళ్ళ చివర్లకు రాసేది అమ్మ. ఒక వేలికి ఒక చుక్క, మిగిలిన జిడ్డు ఆమె తన మడమలకు తుడుచుకునేది. “ఆడదాని చేతులైపోయినాయే నాయి” అని నాయన సిగ్గుపడేవాడు. ముసలమ్మ మళ్ళీ సన్నాకుకు వచ్చింది గానీ నేను గంప నింపలేదు. పలకరించినా పలకలేదు. “అబ్బో, పిల్లకి నోరు కూడా పోయింది” అని ఊడ్చుకునేది.

తోపు కొట్టేదాకా రెండేళ్ళు ఉన్నాం. ఆ రెండేళ్ళలో గాలికి ఇంకొక చెట్టు విరగలేదు. నేను తోపు గట్టు దాటలేదు. గాలి లేచిన ప్రతిసారీ అన్నం ముందు నుంచి లేచి నిలబడేదాన్ని. ఆ అలవాటు పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పొద్దున్నే పనికి పోయేముందు నేనొక పరీక్ష పెట్టేదాన్ని. చెక్క మీద ఒక చిటికెడు ఇసుక, పక్కన ఒక చిటికెడు ఉప్పు పోసి నాయన ముందు పెడతాను. ఆయన కళ్ళు మూసుకుని, వేలి చివరతో రెండూ ముట్టుకుని ఏది ఏదో చెప్పాలి. కళ్ళు మూసుకొమ్మని ఎందుకు అనేదాన్నో తెలియదు, ఆయన మాత్రం మూసుకునేవాడు. రోజూ ముట్టగానే చెప్పేవాడు. రెండో చలికాలంలో ఒక పొద్దు ముట్టుకుని ఆగిపోయాడు. మళ్ళీ ముట్టుకున్నాడు. అమ్మ చీపురు పట్టుకుని వాకిట్లో అలాగే నిలబడింది.

“ఉండు, ఉండు” అన్నాడు. “చలికి వేళ్ళు మొద్దుబారినాయి.”

వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నాడు. మూడోసారి ముట్టుకున్నాడు.

“ఇది ఉప్పు” అన్నాడు.

నేను ఉప్పును ఒక రవ్వ కూడా పోకుండా ఎత్తి జాడీలో పోసి, సైకిల్ పుల్ల తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.